మోర్మన్ల ఇంటి తగవు: వెలి తెచ్చిన సంగతులే అధికారిక చరిత్రగా మారిన తీరు

క్లుప్తంగా: మోర్మన్ సంఘ చరిత్రను వెనకేసుకొచ్చే పండితులకూ, అదే చరిత్రను ప్రశ్నించే సభ్యులకూ మధ్య తగవు సంఘం పుట్టిన తరం నుంచీ నడుస్తోంది. అసమ్మతివాదులు బయటపెట్టిన సంగతుల్లో చాలావాటిని గత పదేళ్ల పైచిలుకులో సంఘమే ఒప్పుకుంది. వాటిని ముందుగా చెప్పినవారిలో ఎక్కువమందిని మాత్రం తిరిగి చేర్చుకోలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా సాధ్యమయ్యాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పేచీ ఎవరికీ ఎవరికీ

లోకం మోర్మన్లని పిలిచేవారి సంఘం అసలు పేరు ‘యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం’. కేంద్రం అమెరికాలోని యూటా రాష్ట్రం, సాల్ట్ లేక్ సిటీ. సంఘం చెప్పే లెక్క ప్రకారం సభ్యులు దాదాపు 1.75 కోట్ల మంది. తెలుగు నేలకూ ఈ సంఘంతో సంబంధం ఉంది. సమోవాలో ఉంటూ ఇందులో చేరిన ఒక తెలుగు జంట 1978 చివర్లో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు బోధించింది. భారతదేశంలో మొదటి స్టేకు, అంటే కొన్ని స్థానిక సంఘాలను కలిపిన పెద్ద విభాగం, 2012 మే 27న హైదరాబాదులోనే ఏర్పడింది. దాన్ని ఏర్పాటు చేసిన అపొస్తలుడు, అంటే సంఘ అగ్రనాయకుల్లో ఒకరైన డాలిన్ ఓక్స్ 2025 అక్టోబరులో మొత్తం సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఈ తగవులో ఆయన మాట ఒకటి కీలకం. అది తర్వాత చూద్దాం.

విశ్వాస సమర్థకులు, ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలో అపోలజిస్టులు, సంఘం తరఫున వాదించే పండితులు. వీరిలో ఎక్కువమంది సంఘ పదవుల్లో ఉన్నవారు కారు. ప్రొఫెసర్లు, లాయర్లు, భాషా నిపుణులు తమంత తాము పూనుకుని రాస్తారు. అవతలి పక్షం అలా ఒక్క ముద్దగా ఉండదు. మోర్మన్ బోధ బైబిలుకు విరుద్ధమని వాదించే ఇతర క్రైస్తవులు ఉన్నారు. సంఘాన్ని వదిలి వెళ్లి విమర్శించేవారు ఉన్నారు. వదలకుండా, ప్రతి ఆదివారం ఆరాధనకు వస్తూనే, మన చరిత్రలో ఇది కూడా ఉంది కదా అని అడిగేవారు ఉన్నారు. సంఘానికి ఎక్కువ ఇబ్బంది కలిగించేది ఈ చివరివారే. బయటివాడి విమర్శను శత్రువు మాటగా తోసిపుచ్చవచ్చు. పక్క బెంచీ మీద కూర్చునే మనిషి మాటను అలా తోసిపుచ్చడం కుదరదు.

విశ్వాసమంతా చరిత్ర మీద నిలబడితే

ప్రాచీన మతాల ఆరంభాలు కాలగర్భంలో ఉంటాయి. మోర్మన్ మతం ఆరంభం వార్తాపత్రికలు, కోర్టు రికార్డులు, డైరీలు ఉన్న కాలంలో జరిగింది. 1805లో పుట్టిన జోసఫ్ స్మిత్ తనకు దేవదూత చూపిన బంగారు రేకుల నుంచి అనువదించానంటూ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో మోర్మన్ గ్రంథాన్ని అచ్చువేయించాడు. క్రీస్తు పూర్వమే యెరూషలేము నుంచి అమెరికా ఖండానికి వలస వెళ్లిన కుటుంబాల కథ అందులో ఉంది. సంఘం ఈ కథను నీతికథగా బోధించదు, జరిగిన చరిత్రగానే బోధిస్తుంది. దేవుడు తనకు కనబడ్డాడని స్మిత్ చెప్పిన మొదటి దర్శనం నిజంగా జరిగిందో లేదో రెండే దారులున్నాయనీ, జరగకపోతే ఈ పనంతా మోసమేననీ 2002లో అప్పటి అధ్యక్షుడు గోర్డన్ హింక్లీ బహిరంగంగానే అన్నారు.

పునాది అంత గట్టిగా చరిత్ర మీద వేసుకున్నాక, పాత కాగితం ఏది బయటపడినా అది విశ్వాస పరీక్షే అవుతుంది. ఆ మొదటి దర్శనం గురించే స్మిత్ వేర్వేరు సంవత్సరాల్లో చెప్పిన వేర్వేరు కథనాలు ఉన్నాయి. 1832లో సొంత చేత్తో రాసుకున్న దానిలో ప్రభువు ఒక్కరే కనబడతారు. 1838లో చెప్పిన, నేడు అధికారికమైన కథనంలో తండ్రి, కుమారుడు ఇద్దరూ కనబడతారు. మరో మతంలో ఇది పండితుల పాదసూచికకు పరిమితమయ్యేది. ఇక్కడ కుటుంబాలు విడిపోయేంత పెద్ద ప్రశ్న అయింది.

ఒక్క సంచిక వెలువడిన పత్రిక

అసమ్మతి ఇంటర్నెట్టుతో రాలేదు. 1844లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని నావూలో స్మిత్‌కు అత్యంత దగ్గరి సలహాదారుగా ఉన్న విలియం లా, స్మిత్ రహస్యంగా బహుభార్యత్వాన్ని నడుపుతున్నాడని ఎదురుతిరిగాడు. సంఘం నుంచి వెలివేశాక జూన్ 7న స్నేహితులతో కలిసి ‘నావూ ఎక్స్‌పాజిటర్’ అనే పత్రిక తెచ్చాడు. అప్పట్లో ఆ ఊరి మేయరు కూడా స్మిత్తే. మూడు రోజుల్లో నగర మండలి ఆదేశంతో ఆ ముద్రణ యంత్రాన్ని ధ్వంసం చేశారు. ఆ గొడవ పర్యవసానంగానే స్మిత్ కార్తేజ్ జైలుకు వెళ్లాడు. జూన్ 27న గుంపు జైలు మీద పడి ఆయననూ, ఆయన అన్ననూ చంపేసింది.

సంఘ జ్ఞాపకంలో ఈ సంఘటన లోతుగా నాటుకుపోయింది. లోపలివాడు అచ్చువేసిన మాట ప్రవక్త ప్రాణం తీసిందన్నది ఆ జ్ఞాపకం. ఇంటి గుట్టు లంకకు చేటన్న మన సామెత లాంటి భయమే అది. పత్రిక రాసిన ముఖ్య విషయం, అంటే స్మిత్ బహుభార్యత్వం, నిజమేనని సంఘం 1852లో యూటాలో ఆ ఆచారాన్ని బాహాటంగా ప్రకటించడంతోనే తేలిపోయింది. ఆ తర్వాత మళ్లీ మళ్లీ కనిపించే నమూనాకు ఇది తొలి ఉదాహరణ.

సమర్థన ఎలా పనిచేస్తుంది: పపైరస్ కథ

సమర్థకుల పనితీరు అర్థం కావాలంటే అబ్రాహాము గ్రంథం వివాదాన్ని కాస్త నిదానంగా చూడాలి. 1835లో ఒహాయోలో ఒక సంచార ప్రదర్శకుడి దగ్గర స్మిత్ బృందం నాలుగు ఈజిప్టు మమ్మీలనూ, వాటితోపాటు పపైరస్ (రెల్లు లాంటి మొక్కతో చేసిన ప్రాచీన కాగితం) చుట్టలనూ 2,400 డాలర్లకు కొన్నది. అందులో బైబిలులో కనిపించే అబ్రాహాము రచన ఉందని స్మిత్ చెప్పి, 1842లో అనువాదం ప్రచురించాడు. అది ఇప్పటికీ సంఘ లేఖనాల్లో భాగం. పపైరస్‌లు చేతులు మారి, చికాగో అగ్నిప్రమాదంలో కాలిపోయాయని అందరూ అనుకున్నారు. 1967లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియం నుంచి 11 ముక్కలు సంఘానికి తిరిగి వచ్చాయి.

ఈజిప్టు లిపి చదవగలిగిన పండితులు వాటిని చదివారు. అవి చనిపోయినవారితో పాటు పెట్టే అంత్యక్రియల పాఠాలు. ఒకటి హోర్ అనే పూజారికి చెందినది. అబ్రాహాము పేరు లేదు. కాలం కూడా అబ్రాహాముకు ఆపాదించే కాలం కంటే వెయ్యేళ్లకు పైగా తర్వాతిది.

ఇక్కడ సమర్థకుల ముందు రెండు దారులు కనబడ్డాయి. మొదటిది: మిగిలినవి ముక్కలే, అబ్రాహాము పాఠం పోయిన భాగంలో ఉండి ఉంటుంది. ఇది పరీక్షించగలిగే వాదం కాబట్టి దీనిపై కొలతల యుద్ధమే జరిగింది. చుట్టిన కాగితంలో ఒక్కో చుట్టు పొడవు ఎంత తగ్గుతూ వస్తోందో కొలిస్తే పోయిన భాగం పొడవు లెక్కకట్టవచ్చు. ఒక సమర్థకుడి లెక్కలో అది 12 మీటర్లు దాటింది. ముక్కలను మళ్లీ కొలిచిన మరో ఇద్దరు అది అర మీటరుకు కాస్త ఎక్కువేనన్నారు. రెండో దారి: పపైరస్ స్మిత్‌కు ఒక ప్రేరణ మాత్రమే, దాన్ని చూస్తుండగా పాఠం దైవావేశంతో వచ్చింది, ‘అనువాదం’ అన్న మాటను మనం వాడే అర్థంలో తీసుకోకూడదు. ఈ వాదాన్ని ఏ కొలతతోనూ పరీక్షించడం కుదరదు.

2014లో సంఘం తన అధికారిక వ్యాసంలో, మిగిలిన ముక్కల్లోని పాఠం అబ్రాహాము గ్రంథంతో సరిపోలదని ఒప్పుకుంది. ఈ రెండు దారులనూ వివరణలుగా పాఠకుల ముందుంచింది. అంటే విమర్శకుల సంగతి, సమర్థకుల వివరణ కలిసి అధికారిక రూపం తీసుకున్నాయి. సమర్థన చేసే అసలు పని ఇదే. సంగతిని ఎల్లకాలం ఆపలేదు గానీ, అది విశ్వాసులను చేరే లోపల దాని చుట్టూ ఒక చట్రం బిగిస్తుంది.

సమర్థకుల పనంతా ఇలా వెనక్కి తగ్గడమే అనుకోవడం వారికి అన్యాయం. 1967లో జర్మనీలో మిషనరీగా ఉన్న జాన్ వెల్చ్, ప్రాచీన హీబ్రూ రచనల్లో కనిపించే విలోమ క్రమం, అంటే చెప్పిన అంశాలనే తిరుగు వరుసలో మళ్లీ చెప్పే పద్ధతి, మోర్మన్ గ్రంథంలోనూ ఉందని గుర్తించాడు. ఆ గ్రంథంలో ‘నాహోమ్’ అనే చోటు ప్రస్తావన ఉంది. యెమెన్‌లో మారిబ్ దగ్గర తవ్వకాల్లో దొరికిన ప్రాచీన బలిపీఠాల మీద అవే మూడు హల్లుల తెగ పేరు ఉంది. విమర్శకులు వీటిని యాదృచ్ఛికమంటారు; కొలంబసుకు ముందరి అమెరికాలో గుర్రం, ఉక్కు, గోధుమ ఎక్కడివని తిరిగి అడుగుతారు. గుర్రమన్న మాట టేపిర్ లాంటి మరో జంతువును ఉద్దేశించిందేమోనన్న సమర్థకుల జవాబు చాలామందిని ఒప్పించలేకపోయింది. నాహోమ్‌కు విమర్శకులు ఇచ్చే జవాబు కూడా అంత తేలిగ్గా సరిపోదు.

తలుపులు తెరిచి, మూసిన ఇరవై ఏళ్లు

1946లో ఫాన్ బ్రోడీ అనే చరిత్రకారిణిని సంఘం వెలివేసింది. స్మిత్ జీవితాన్ని మానవ దృష్టితో రాసి, ఆయన బహుభార్యత్వాన్ని వివరంగా చూపించడమే కారణం. ఆమెకు జవాబుగా ఒక చిన్న పుస్తకం రాసిన హ్యూ నిబ్లీ తర్వాతి తరం సమర్థకులకు గురువుగా నిలిచాడు. ఈ ఇద్దరితో ఆధునిక తగవు మొదలైంది.

1972లో సంఘం అనూహ్యంగా ఒక అడుగు ముందుకేసింది. లియొనార్డ్ ఆరింగ్టన్ అనే వృత్తి చరిత్రకారుణ్ణి సంఘ చరిత్రకారుడిగా నియమించి, దస్తావేజుల గది తాళం ఆయన చేతికిచ్చింది. పదేళ్లలో ఆ విభాగాన్ని సంఘమే నడిపే బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయానికి పంపించి, తలుపులు మళ్లీ బిగించింది. నిజమైనదంతా ఉపయోగకరం కాదనీ, చరిత్ర బోధించేవారు విశ్వాసాన్ని ముందు నిలపాలనీ అపొస్తలుడు బాయిడ్ ప్యాకర్ 1981లో మత విద్య బోధకులకు చెప్పారు.

ఈ భయాన్ని సొమ్ము చేసుకున్నవాడు మార్క్ హాఫ్‌మన్. స్మిత్‌కు కనిపించింది దేవదూత కాదు, తెల్లని సాలమాండర్ (బల్లి లాంటి జీవి) అని చెప్పే 1830 నాటి ఉత్తరాన్ని సృష్టించాడు. కొందరు సమర్థకులు ఆ కాలపు జనానికి సాలమాండరుకూ దేవదూతకూ సంబంధం ఎలా తోచి ఉంటుందో వివరించే ప్రయత్నంలో పడ్డారు. ఆ ఉత్తరం నకిలీ కావచ్చని తొలుదొల్త బహిరంగంగా అనుమానించినవాడు జెరాల్డ్ టానర్. దశాబ్దాలుగా సంఘాన్ని విమర్శిస్తున్న మనిషి. తన వాదానికి అంతకంటే బలమైన ఆయుధం దొరకదని తెలిసి కూడా ఆయన దాన్ని వద్దన్నాడు. విమర్శకుడంటే ఏది దొరికితే అది పట్టుకునేవాడన్న అభిప్రాయానికి ఇంతకంటే గట్టి సమాధానం ఉండదు. 1985 అక్టోబరులో హాఫ్‌మన్ తన మోసం బయటపడకుండా పెట్టిన బాంబులకు ఇద్దరు బలయ్యారు.

ఆ తర్వాత 1993 సెప్టెంబరు వచ్చింది. ఆ మేలో ప్యాకర్ సంఘానికి మూడు ప్రమాదాలను పేర్కొన్నారు: స్వలింగసంపర్కుల ఉద్యమం, స్త్రీవాద ఉద్యమం, మేధావులమని చెప్పుకునే పండితులు. సెప్టెంబరులో ఆరుగురు రచయితలు, పండితుల మీద చర్య తీసుకున్నారు. ఐదుగురిని వెలివేశారు, ఒకరి సభ్యత్వ హక్కులను నిలిపివేశారు. వారిలో ఒకరైన మైకేల్ క్విన్, 1890లో బహుభార్యత్వాన్ని ఆపేస్తున్నామని ప్రకటించాక కూడా నాయకుల అనుమతితోనే కొన్ని కొత్త పెళ్లిళ్లు జరిగాయని 1985లోనే ఆధారాలతో రాసిన చరిత్రకారుడు. 1890 నుంచి 1904 దాకా అలాంటి పెళ్లిళ్లు జరిగాయని నేడు సంఘ అధికారిక వ్యాసం చెబుతుంది. క్విన్ 2021లో సంఘం బయటే చనిపోయాడు.

సెర్చ్ ఇంజను వచ్చాక

ఇంటర్నెట్టు దస్తావేజుల గది తాళానికి విలువ లేకుండా చేసింది. 2010 నాటికి స్వీడన్‌లో సభ్యుల సందేహాలు తీర్చడానికి సాల్ట్ లేక్ సిటీ నుంచి చరిత్రకారులే వెళ్లాల్సి వచ్చింది. అక్కడ సంఘంలో పెద్ద హోదాలో పనిచేసిన హాన్స్ మాట్సన్ తన సందేహాలను 2013లో న్యూయార్క్ టైమ్స్‌తో పంచుకున్నాడు. అదే ఏడాది అమెరికాలో ఒక సభ్యుడు తన ప్రశ్నలన్నీ పేర్చి రాసిన ‘సీఈఎస్ లెటర్’ (సీఈఎస్ అంటే సంఘ విద్యా వ్యవస్థ) వ్యాపించింది. దానికి సమర్థకుల సంస్థ ఫెయిర్ సుదీర్ఘ జవాబులు రాసింది.

2013 నుంచి 2015 వరకు సంఘం కష్టమైన అంశాలపై ఒక్కొక్క వ్యాసమే తన వెబ్‌సైటులో పెట్టింది. స్మిత్ పెళ్లాడిన స్త్రీల సంఖ్య 30 నుంచి 40 దాకా ఉండవచ్చని, వారిలో ఒకరికి 15వ ఏడు ఇంకా నిండలేదని ఒప్పుకున్నారు. నల్లజాతివారిని 1978 దాకా యాజకత్వానికి దూరంగా ఉంచడానికి గతంలో చెప్పిన కారణాలను సంఘం ఇప్పుడు నిరాకరిస్తుందని ప్రకటించారు. టోపీలో పెట్టుకుని చూస్తూ స్మిత్ మోర్మన్ గ్రంథాన్ని అనువదించాడంటున్న రాయి ఫొటోను 2015లో అచ్చువేశారు. విద్యార్థి అడిగితే ‘దాని గురించి పట్టించుకోకు’ అని చెప్పే రోజులు పోయాయని, ఈ వ్యాసాలను క్షుణ్ణంగా తెలుసుకోవాలని 2016లో అపొస్తలుడు రస్సెల్ బాలర్డ్ బోధకులకు చెప్పారు. 1981 నాటి మాటకు ఇది దాదాపు తిరగబడిన రూపం.

గీత ఎక్కడుంది

సంగతులు అంగీకారమైతే వెలి ఎందుకు ఆగలేదు? స్త్రీలకు యాజకత్వం ఇవ్వాలని ఉద్యమించిన కేట్ కెల్లీని 2014లో, పాడ్‌కాస్టు నడిపే జాన్ డెలిన్‌ను 2015లో, పిల్లలతో బిషప్పులు ఏకాంతంగా లైంగిక విషయాలు అడగకూడదని ఉద్యమించిన శామ్ యంగ్‌ను 2018లో సంఘం వెలివేసింది.

రిచర్డ్ బుష్‌మన్ విషయం దీని పక్కన పెట్టి చూడాలి. ఆయన 2005లో రాసిన స్మిత్ జీవితచరిత్రలో ఆయన చేసిన నిధుల వేట, బహుభార్యత్వం అన్నీ ఉన్నాయి. అయినా ఆయన సంఘంలో గౌరవనీయుడిగానే ఉన్నాడు, ఆ పుస్తకం సంఘం సొంత పుస్తకాల దుకాణంలోనే అమ్ముడైంది. బ్రోడీ, క్విన్, బుష్‌మన్ చెప్పిన సంగతుల మధ్య తేడా కంటే వారు నిలబడ్డ చోట్ల మధ్య తేడాయే ఎక్కువ. బుష్‌మన్ నాయకుల అధికారాన్ని ప్రశ్నించలేదు. నాయకుల మీద విమర్శ నిజమే అయినా విమర్శించడం తప్పేనని డాలిన్ ఓక్స్ 2007లో ఒక డాక్యుమెంటరీలో అన్న మాట ఈ గీతను సూటిగా చెబుతుంది. సంఘ నియమావళి కూడా విశ్వాసభ్రష్టతను నిర్వచించేటప్పుడు సందేహాన్ని గానీ, అవిశ్వాసాన్ని గానీ ముందు పెట్టదు. సంఘానికి, నాయకులకు వ్యతిరేకంగా పదే పదే, స్పష్టంగా, బహిరంగంగా, కావాలని వ్యవహరించడాన్ని ముందు పెడుతుంది.

ఈ గీతను అమలు చేసేది స్థానిక నాయకులు. వారు జీతం లేని సాధారణ ఉద్యోగులు, వ్యాపారులు, పంటి డాక్టర్లు. అందుకే ఒక ఊళ్లో చూసీచూడనట్టు పోయిన మాట మరో ఊళ్లో విచారణ దాకా వెళ్తుంది. 2020 నుంచి సంఘం ‘వెలి’ అన్న మాటను మానేసి ‘సభ్యత్వ ఉపసంహరణ’ అంటోంది. పేరు మెత్తబడినా దాని ఫలితం అలాగే ఉంది. ఆదివారం ఆరాధన జరిగే చోటు వేరు, ప్రత్యేక కార్యాలు జరిగే ఆలయం వేరు. అనుమతి పత్రం లేనివారు ఆలయంలోకి వెళ్లలేరు, కన్నబిడ్డ పెళ్లి ఆలయంలో జరుగుతుంటే బయటే నిలబడాలి. ముందు బయట పెళ్లి చేసుకుని వెంటనే ఆలయ కార్యం జరుపుకోవడానికి 2019 దాకా అమెరికాలో ఏడాది ఆగాల్సి వచ్చేది. ఆ నిబంధన తీసేయడంతో ఎన్నో కుటుంబాలకు ఊరట దక్కింది. మింగలేక కక్కలేక లోపలే ఉండిపోయే సభ్యుల మౌనానికి కారణం వేదాంతం కంటే ఇలాంటి కుటుంబ విషయాలే.

సమర్థకులకూ తగిలిన దెబ్బ

సంఘానికి కవచంగా నిలిచినవారికి రక్షణ ఉంటుందనుకోవడం సహజం. 1979లో జాన్ వెల్చ్ స్థాపించిన ఫార్మ్స్ సంస్థ సమర్థనకు కేంద్రమైంది. దాని సమీక్షా పత్రికను రెండు దశాబ్దాలకు పైగా నడిపిన డేనియల్ పీటర్సన్ విమర్శకుల పుస్తకాలను తీవ్రమైన భాషలో ఖండించేవారు. తర్వాత ఆ సంస్థ బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయంలో మాక్స్‌వెల్ ఇన్‌స్టిట్యూట్ అయింది. 2012 జూన్‌లో ఆయనను సంపాదకత్వం నుంచి తప్పించారు. బయటి విశ్వవిద్యాలయాలు గౌరవించే మత అధ్యయనం వైపు సంస్థ మళ్లింది. పీటర్సన్ వెంటనే ఇంటర్‌ప్రిటర్ ఫౌండేషన్ పెట్టి అదే పని కొనసాగించారు.

దీనికి కారణం సమర్థన స్వభావంలోనే ఉంది. ఒక విమర్శకు జవాబిస్తే ఆ విమర్శ గురించి విననివాళ్లకు కూడా అది తెలుస్తుంది. జవాబు ఘాటుగా ఉంటే సందేహంలో ఉన్న సభ్యుడికి తనను కూడా శత్రువుల్లో కలిపేశారనిపిస్తుంది. సంఘానికి సమర్థకుల విషయజ్ఞానం కావాలి, వారి కలహం అక్కర్లేదు.

పక్కింటి అనుభవం

సాల్ట్ లేక్ నాయకులకు భయపడే హక్కు ఎంతోకొంత ఉంది. స్మిత్ కుమారుడి నాయకత్వంలో 1860లో స్థిరపడిన మరో శాఖ మిస్సోరీ కేంద్రంగా పెరిగింది. తమ స్థాపకుడు బహుభార్యత్వం పాటించలేదని తరాల తరబడి వాదించింది. ఆ శాఖ చరిత్రకారులే చివరికి ఆధారాల ముందు తల వంచారు. 1984లో స్త్రీలకు యాజకత్వం ఇచ్చింది, 2001లో ‘కమ్యూనిటీ ఆఫ్ క్రైస్ట్’గా పేరు మార్చుకుంది, మోర్మన్ గ్రంథం చారిత్రకతను నమ్మాలని సభ్యులపై ఒత్తిడి పెట్టడం మానేసింది. మేధాపరంగా అది నిజాయితీ గల దారి. దానికి ఆ శాఖ చెల్లించిన మూల్యమూ పెద్దదే. 1984 తర్వాత వేలమంది విడిపోయారు. నేడు దాని సభ్యులు రెండున్నర లక్షలు. 2024 మార్చిలో స్మిత్ కట్టించిన కర్ట్‌లాండ్ ఆలయాన్ని, నావూలోని చారిత్రక స్థలాలను 19.25 కోట్ల డాలర్లకు సాల్ట్ లేక్ సంఘానికే అమ్ముకోవలసి వచ్చింది.

చరిత్రకు తలుపు తీస్తే ఇంత నష్టమా అని సాల్ట్ లేక్ నాయకులు దీన్ని చదువుతారు. తలుపు ఆలస్యంగా తీస్తే, నమ్మించి దాచారన్న కోపంతో వెళ్లిపోయేవారి లెక్క ఎంతో ఆ నాయకుల దగ్గరా ఉండి ఉండాలి. మాట్సన్ లాంటివారు బాధపడింది సంగతుల గురించి తక్కువ, అవి తమకు చెప్పలేదన్నదాని గురించి ఎక్కువ.

ఆ ఆరుగురిలో ఒకరు

తర్వాతి అధ్యాయం ఎలా ఉంటుందో కొంతవరకు ఊహించవచ్చు. స్మిత్ దస్తావేజులు 2023తో పూర్తయిన ప్రచురణ ప్రణాళికలో వెలువడ్డాయి, కాబట్టి చరిత్ర మీద దాచగలిగింది తగ్గింది. తగవు ఇప్పుడు లింగ, లైంగికత ప్రశ్నల వైపూ, సంఘ సంపద లెక్కల వైపూ జరుగుతోంది. పెట్టుబడుల వివరాలను సరిగా వెల్లడించనందుకు సంఘమూ దాని పెట్టుబడుల సంస్థా కలిపి 50 లక్షల డాలర్ల జరిమానా కట్టడానికి 2023లో అమెరికా నియంత్రణ సంస్థతో ఒప్పుకున్నాయి. ఈ కొత్త ప్రశ్నల్లో నాయకుల నిర్ణయాన్ని ప్రశ్నించకుండా సంగతి మాత్రమే చెప్పి ఊరుకోవడం కష్టం. బుష్‌మన్ నిలబడ్డ చోటు ఇక్కడ దొరకదు.

1993లో వెలికి గురైన లవీనా ఫీల్డింగ్ ఆండర్సన్, నాయకులు మేధావులపై తీసుకున్న చర్యలను తేదీల వారీగా నమోదు చేసిన సంపాదకురాలు. వెలి తర్వాత ఆమె సంఘాన్ని వదల్లేదు. దాదాపు మూడు దశాబ్దాలు తన వార్డు, అంటే స్థానిక సంఘం, ఆరాధనకు వెళుతూ, ప్రభు సంస్కారపు రొట్టె, నీళ్లు తీసుకునే హక్కు లేకుండా అందరి మధ్యా కూర్చున్నారు. 2019లో ఆమెకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వవచ్చని స్థానిక నాయకులు సిఫార్సు చేశారు. సాల్ట్ లేక్ సిటీ పైస్థాయి నాయకత్వం ఒప్పుకోలేదు. 2023 అక్టోబరులో ఆమె చనిపోయారు. అప్పటికి ఆమె పేరు సంఘం సభ్యుల జాబితాలో లేదు.